చేప తగులుతోంది, పడవ దాకా రావడం లేదు: చార్టర్ బోటు సీజన్‌కు ముందు ఏం సరిచూసుకోవాలి

మీ ప్రశ్న ఇదీ: తొమ్మిది మీటర్ల బోటు, ట్రిప్పుకు డబ్బిచ్చి గాలం వేయడానికి వచ్చే నలుగురు గెస్టులు. సగం రోజు ట్రిప్పుల్లో ఒడ్డుకు దగ్గరగా పండుగప్ప, పార, వంజరం. రోజంతా వెళ్లే ట్రిప్పుల్లో లోతు నీళ్లలో ట్యూనా, మహీమహీ, సెయిల్‌ఫిష్. పోయిన సీజన్‌లో కాట్లు బాగానే పడ్డాయి కానీ తగిలిన పెద్ద చేపల్లో సగానికి పైగా తెంచుకునో ఊడిపోయో వెళ్లిపోయాయి. ఇప్పుడు రాడ్లూ రీళ్లూ మార్చాలా, స్పాట్లు మార్చాలా?

రెండూ వద్దు, కనీసం ఇప్పుడే వద్దు. కాట్లు పడుతున్నాయంటే చోటు సరిగ్గానే ఉంది. పెద్ద చేప పోయేది ఎక్కువగా డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనును బిగువు మీద వదిలే రీలు బ్రేకు) దగ్గర, ముడి దగ్గర, హుక్కు దగ్గర. ఈ మూడూ బోటు ఒడ్డున కట్టి ఉన్నప్పుడు సరిచేసుకునేవే.

పోయిన ప్రతి చేపా ఎలా పోయిందో వేరుచేయడం మొదటి పని. లైను వెనక్కి చుట్టగానే దాని కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. కొస పంది తోకలా సుళ్లు తిరిగి ఉంటే లైను తెగలేదు, ముడి జారింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే చేప పళ్లు, లేదా రాడ్డు రింగులో పగులు. అర మీటరు దాకా గరుకుగా, పీచు లేచి ఉంటే రాతికో, పడవ అడుక్కో, చేప తోకకో రాసుకుంది. సాగి సన్నబడి తెగితే డ్రాగ్ మరీ బిగువు. హుక్కే తిరిగొస్తే దాన్నీ చూడాలి. వంపు తెరుచుకుని ఉంటే డ్రాగ్‌కు తగిన మందం లేదు. మొన మడతపడితే ఎముకకు తగిలి ఆగిపోయింది. చెక్కుచెదరకుండా వస్తే సరిగా గుచ్చుకోలేదు, లేదంటే మధ్యలో ఎవరో లైను వదులు చేశారు. ఈ ఒక్క గమనికా రాసిపెట్టుకుంటే నెల తిరిగేసరికి మీ జబ్బు ఏదో మీకే తెలుస్తుంది.

ఇక డ్రాగ్. చేత్తో లాగి చూసి "సరిపోతుందిలే" అనుకునే అలవాటు మానేయాలి. 15 కిలోల దాకా చూపే స్ప్రింగ్ తూకం ఒకటి బోటులో ఉంచండి. రాడ్డును హోల్డర్‌లో 45 డిగ్రీల వాలుగా పెట్టి, లైనును రింగులన్నిటి గుండా తీసి, కొసను తూకానికి కట్టి, ఒకరు నిదానంగా వెనక్కి నడవాలి. లెక్కలోకి వచ్చేది లైను కదులుతూ ఉన్నప్పటి అంకె. స్ట్రైక్ స్థానంలో (కాటు పడ్డాక డ్రాగ్ లీవర్ ఉంచే చోటు) అది లైను తెగే బలంలో పాతిక నుంచి ముప్ఫై శాతం ఉంటే చాలు. అంటే 30 పౌండ్ల లైనుకు సుమారు 4 కిలోలు, 50కి ఆరున్నర, 80కి పది, పదకొండు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. రీలు మీద 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), ముందు 30 పౌండ్ల లీడర్ (హుక్కు వైపు కలిపే ముక్క) కట్టి, లెక్క మాత్రం 50కి వేస్తారు. లెక్క ఎప్పుడూ అన్నిటికన్నా బలహీనమైన దానికే వేయాలి. పైగా ముడి దగ్గర ఎంతో కొంత బలం పోతుంది. నైలాన్ లైనైతే నీళ్లు పీల్చుకుని తడిలో ఇంకొంచెం తగ్గుతుంది.

రెండోది, చేప దూరం పరిగెత్తే కొద్దీ డ్రాగ్ దానంతటదే పెరుగుతుంది. రీలు మీద బిగింపు ముట్టకపోయినా, స్పూలు మీది చుట్ట వ్యాసం సగానికి తగ్గేసరికి లైను మీది లాగుడు రెట్టింపవుతుంది. నిండు స్పూలు మీద పెట్టిన 4 కిలోలు అక్కడికి 8 అవుతాయి. దానికి తోడు నీళ్లలో రెండు మూడొందల మీటర్ల లైను ఈడుస్తుంటుంది, అదీ వంపు తిరిగి. చేప దూరం పోతోందని కంగారుపడి గెస్టు డ్రాగ్ బిగిస్తాడు. సరిగ్గా అప్పుడే వదులు చేయాలి. లీవర్ మీద స్ట్రైక్ స్థానం దగ్గర తెల్ల పెయింట్ చుక్క పెట్టి, "ఈ చుక్క దాటించొద్దు" అని బయల్దేరే ముందే చెప్పేస్తే సగం గొడవ తీరుతుంది.

తూకం కడుతున్నప్పుడే ఇంకోటి గమనించండి. లైను కదలడం మొదలైన క్షణంలో ముల్లు 6 కిలోలకు ఎగిరి, తర్వాత 4కి దిగుతోందా? అలాగైతే వాషర్లు ఉప్పు పట్టో, గ్రీజు ఆరిపోయో ఉన్నాయి. చేప ఆగి ఆగి పరిగెత్తిన ప్రతిసారీ ఆ మొదటి గుంజుడు పడుతుంది, సన్న లీడర్ అక్కడే తెగుతుంది. కార్బన్ వాషర్లు విప్పి, తుడిచి, డ్రాగ్ గ్రీజు పలుచగా పూసి పెట్టండి. మామూలు గ్రీజు పనికిరాదు, వేడికి కారిపోతుంది. ట్రిప్పు అయ్యాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టకపోతే వాషర్లు నలిగిపోయి మళ్లీ ఇదే కథ.

బ్రెయిడ్ చుట్టడంలోనూ లోపం ఉండొచ్చు. స్పూలు మీద బ్రెయిడ్‌ను నేరుగా కడితే మొత్తం చుట్టే జారుతూ తిరుగుతుంది. డ్రాగ్ పాడైందనుకుని రీలు మార్చేవాళ్లూ ఉన్నారు. అడుగున నాలుగైదు మీటర్ల నైలాన్ వేసి దాని మీద చుట్టాలి. చుట్టేటప్పుడు తడిగుడ్డతో గట్టిగా పట్టుకుని, రెండు మూడు కిలోల బిగువు మీద చుట్టాలి. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై పొర కింది పొరల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది. ఇక డ్రాగ్ ఉన్నా లేనట్టే. లోతు ట్రిప్పుల రీళ్ల మీద బ్రెయిడ్ చివర 50 నుంచి 100 మీటర్ల నైలాన్ టాప్‌షాట్ ఉంటే మంచిది. అది సాగుతుంది కాబట్టి కొత్తవాళ్ల చేతి తప్పుల్ని కొంత కాచుకుంటుంది. ఎండకూ రాపిడికీ పాడయ్యేదీ ఆ ముక్కే. పెద్ద చేప లాగిన ప్రతిసారీ మొదటి పది మీటర్లు వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకు తగిలితే అక్కడికి కోసేయండి.

రింగుల సంగతి చూడటానికి దూది చాలు. చిన్న దూది ఉండను ప్రతి రింగు లోపలా చుట్టూ తిప్పండి. ఎక్కడైనా ఒక పోగు పట్టుకుందంటే ఆ సిరామిక్‌లో కంటికి కనిపించని పగులు ఉంది. నైలాన్ దాన్ని కొన్నాళ్లు తట్టుకోవచ్చు, బ్రెయిడ్ తట్టుకోదు. తీరం దగ్గర వాడే రాడ్లలో కొస రింగే ఎక్కువగా పోతుంది, గట్టుకో పడవ అంచుకో తగిలి. ఆ ఒక్క రింగు మార్చుకుంటే సరిపోతుంది, రాడ్డంతా పారేయక్కర్లేదు.

బ్రెయిడ్‌కు లీడర్ కలపడానికి ఎఫ్‌జీ ముడి మేలు. సన్నగా ఉంటుంది, రింగుల్లో తట్టుకోదు. దీనికి జిగురు అక్కర్లేదు, బిగింపే ప్రాణం. పన్నెండు నుంచి ఇరవై చుట్లు అటొకటి ఇటొకటి వేశాక, తడిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని గట్టిగా లాగాలి. బ్రెయిడ్ రంగు ముదిరి లీడర్‌లోకి కరుచుకున్నట్టు కనిపించాలి. రంగు మారకపోతే అది జారే ముడే. ఊగే పడవ మీద అది కట్టలేకపోతే డబుల్ యూనీ ముడి కట్టండి, కొంచెం లావైనా నమ్మొచ్చు. వంద పౌండ్లు దాటిన లీడర్‌కు మాత్రం ముడులు వదిలేసి క్రింప్ స్లీవ్ (నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం) వాడాలి. స్లీవ్‌ను రెండు చివర్లా ఒక మిల్లీమీటరు వదిలి మధ్యలోనే నొక్కాలి. చివరి దాకా నొక్కితే ఆ అంచే లైనును కోస్తుంది. నైలాన్ లీడర్‌కు అల్యూమినియం స్లీవ్, దాని కొలతకు సరిపడే ప్లయర్. ఇంట్లో ఉండే కటింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింప్‌ను నమ్మకండి.

వంజరం, వాహూ లాంటి కోత పళ్ల చేపలకు హుక్కు దగ్గర లోహపు తీగ తప్పదు. వంజరానికి 15 నుంచి 30 సెంటీమీటర్ల ఒంటి తీగ చాలు. పొడుగు పెరిగితే తేట నీళ్లలో కాట్లు తగ్గుతాయి. హేవైర్ అనే తీగ మెలిక వేసేటప్పుడు రెండు తీగలూ సమానంగా ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. నాలుగైదు అలా వేశాక, పక్కపక్కనే అయిదారు బిగుతు చుట్లు. తీగ తోకను కట్టర్‌తో కత్తిరించకండి. మిగిలిన మొన లీడర్ పట్టుకున్నవాడి చేతిని చీల్చేస్తుంది. కొసను పిడిలా వంచి ముందుకూ వెనక్కూ ఆడిస్తే చుట్టు దగ్గరే నున్నగా విరిగిపోతుంది. ఒకసారి మడత పడిన తీగను సాపు చేసి మళ్లీ వాడొద్దు, అది అక్కడే విరుగుతుంది.

హుక్కు విషయంలో చార్టర్‌కు నా ఓటు సర్కిల్ హుక్కుకే (మొన లోపలికి తిరిగి ఉండేది), బతికున్న ఎర వేసినా చచ్చిన ఎర వేసినా. పక్కకు వంపు లేనిదే తీసుకోండి. అయితే దీనితోనే గెస్టులు ఎక్కువ చేపలు పోగొట్టేది, ఎందుకంటే కాటు పడగానే రాడ్డు ఎత్తి గుంజుతారు. అలా గుంజితే సర్కిల్ హుక్కు చేప నోట్లోంచి సాఫీగా బయటికి వచ్చేస్తుంది. రాడ్డు కొస చేప వైపే ఉంచి, మూడు నుంచి అయిదు సెకన్లు లైను పోనిచ్చి, డ్రాగ్‌ను నెమ్మదిగా స్ట్రైక్ దాకా తెచ్చి, చుట్టుకుంటూ పోవాలి. లైను బిగిసే కొద్దీ హుక్కు జారి దవడ మూలన తిరిగి కూర్చుంటుంది. ఇది మాటల్లో చెబితే ఎక్కదు. రేవు దాటకముందే ఒక గెస్టు చేతికి రాడ్డిచ్చి, లైను కొస మీరు పట్టుకుని నడిచి చూపించండి. రెండు నిమిషాల పని.

మహీమహీకి, ట్యూనాకు లూర్ (కృత్రిమ ఎర) ఈడ్చేటప్పుడు జే అక్షరంలా ఉండే మామూలు హుక్కే. అక్కడ హుక్కును గుచ్చేది పడవ వేగం. కాటు పడగానే ఇంజిన్ న్యూట్రల్ చేయొద్దు. అయిదు పది సెకన్లు అదే వేగంలో పోతే హుక్కు దిగుతుంది, ఒక్కోసారి గుంపులోంచి రెండోదీ తగులుతుంది. తర్వాతే వేగం తగ్గించి, చేప ఉన్న వైపు లైన్లు ముందు తీయాలి.

ట్రోలింగ్ (పడవ వెనక ఎర ఈడ్చడం) వేగాలు స్థూలంగా ఇవీ. బతికున్న ఎరకు ఒకటి నుంచి మూడు నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు), కట్టిన చచ్చిన ఎరకు అయిదు నుంచి ఏడు, కుచ్చులు వేలాడే స్కర్ట్ లూర్లకు ఏడు నుంచి తొమ్మిది, ఒక్క వాహూ కోసమే అయితే పన్నెండు నుంచి పదహారు. దూరాల్ని మీటర్లలో కాక పడవ వెనక లేచే అలల లెక్కలో పెట్టుకోండి, ఎందుకంటే వేగం మారితే అలల మధ్య దూరమూ మారుతుంది. అయిదు లైన్లైతే పడవ వెనక మూలల్లో రెండూ రెండో అల, మూడో అల మీద, అవుట్‌రిగ్గర్లవి (పడవ పక్కలకు చాచిన పొడుగు కర్రల మీది లైన్లు) నాలుగు, అయిదు మీద, మధ్యలోది బాగా వెనక ఏడో ఎనిమిదో అల మీద. లూర్ అల ముందు వాలు మీద ఉండాలి. వీపు మీద ఉంటే మునిగిపోయి ఉంటుంది. సరిగ్గా నడిచే లూర్ పైకొచ్చి గాలి పీల్చి, బుడగల తోక విడుస్తూ మళ్లీ దిగుతుంది. పదే పదే గాల్లోకి ఎగురుతుంటే లైను పట్టే ఎత్తు తగ్గించండి, లేదా అర నాటు వేగం తగ్గించండి. ఎగిరే లూర్‌కు కాట్లు పడినట్టే ఉంటాయి, హుక్కు మాత్రం పడదు. పావుగంటకోసారి ప్రతి లైనూ చూడాలి. ఒక్క నాచు పోగు హుక్కుకు చిక్కిందంటే ఆ లైను నీళ్లలో ఉన్నా దండగే.

లోతులో ఎక్కడ ఈడ్చాలన్నదానికి ఉపగ్రహ ఉష్ణోగ్రత పటం మంచి మొదలు, కానీ ఇన్‌ఫ్రారెడ్ మబ్బుల్ని దాటి చూడలేదు. మబ్బు రోజుల పటం చాలావరకు పాత పటమే. వేడి అంకె కన్నా అంచు ముఖ్యం. కొద్ది దూరంలోనే అర డిగ్రీ, డిగ్రీ మారే చోట, ఆకుపచ్చ నీళ్లు నీలిలోకి మారే గీత దగ్గర, తేలే నాచు వరసల వెంట ఎర చేప చేరుతుంది. ఆ అంచుకు కింద అడుగు కూడా ఒక్కసారిగా లోతుకు దిగుతుంటే అక్కడ గంట గడపడం తప్పు కాదు. తేలుతున్న దుంగ కనిపిస్తే మహీమహీ కోసం దాని మీదుగా పోకండి, పక్కనుంచి లూర్లు దాన్ని రాసుకుంటూ పోయేలా తిరగండి. మొదటి మహీమహీని నీళ్లలోనే కాసేపు ఉంచితే మిగతా గుంపు దాని వెంటే పడవ దగ్గరికి వస్తుంది.

తీరం దగ్గర వేడి కన్నా ఆటుపోట్లదే పెత్తనం. అమావాస్య, పౌర్ణమి చుట్టూ నీరు బాగా కదులుతుంది, అష్టమి రోజుల్లో మందంగా ఉంటుంది. నది మొగల్లో పాటు మొదలైన రెండు గంటలు ఎర చేప బయటికి కొట్టుకొస్తుంది, పండుగప్ప, పార ఇసుక గట్టు అంచున కాచుకుని ఉంటాయి. నిలిచిన నీళ్లలో గంట తిప్పడం కన్నా ఆ గంట గెస్టులకు ముడి కట్టడం నేర్పడం నయం. సగం రోజు ట్రిప్పును గడియారం చూసి కాక పోటుపాటు పట్టిక చూసి బుక్ చేయండి. ఉదయం ఆరు గంటలకే అందరినీ తీసుకెళ్లాలన్న నియమం ఏమీ లేదు.

ఎర ట్యాంకు గురించి క్లుప్తంగా: గుండ్రంగా ఉండాలి, గంటకు ఆరు నుంచి ఎనిమిది సార్లు నీరు మొత్తం మారాలి. మూలలున్న ట్యాంకులో ఎర చేపల ముక్కులు ఎర్రబడి గంటల్లో చస్తాయి. పొలుసులు తేలి నురగ కడుతోందంటే మరీ ఎక్కువ వేశారన్నమాట. నీరు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి మండువేసవిలో చన్నీళ్ల నాటి లెక్కలో సగమే వేయండి.

వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరే కెప్టెన్లను చూస్తే భయమేస్తుంది. సూచనలో ఇచ్చేది మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు. విడి అల దానికి దాదాపు రెట్టింపు లేవచ్చు. పక్కనే సెకన్లలో ఇచ్చే వ్యవధి చూడండి. ఒకటిన్నర మీటర్ల అల పది సెకన్లకొకటి వస్తే పడవ హాయిగా ఎక్కి దిగుతుంది. అదే అయిదు సెకన్లకొకటి అయితే నడుములు విరుగుతాయి. గాలి ఒకవైపు, ప్రవాహం ఎదురు అయితే అల నిటారుగా లేస్తుంది, ముఖ్యంగా నది మొగ దగ్గర, అదీ తిరిగొచ్చే వేళ. ఇంధనం మూడు వంతులు చేసి వెళ్లడానికొకటి, రావడానికొకటి, మూడోది ముట్టకూడదు. ఉరుము వినిపిస్తే నిలబెట్టిన కార్బన్ రాడ్లన్నీ దించి పడుకోబెట్టండి. అవి విద్యుత్తును బాగా పట్టుకుంటాయి. ఇలాంటి రోజున లోతు ట్రిప్పును తీరం ట్రిప్పుగా మార్చే ఏర్పాటు బుకింగ్ అప్పుడే చెప్పి ఉంచితే రేవులో వాదన ఉండదు.

పడవ పక్కకు వచ్చాక పోయే చేపల లెక్క వేరు. లీడర్ పట్టేవాడు ఒకడు, గాఫ్ (చేపను గుచ్చి పైకి లాగే కొక్కెం) వేసేవాడు ఇంకొకడు. ఇద్దరి పనీ ఒకడే చేయబోతే లైను వదులవుతుంది. గాఫ్ ఎప్పుడూ లీడర్ వెనక నుంచే, లైను మీదుగా చాపకూడదు. చేప నేరుగా కిందికి దిగి నిలబడ్డప్పుడు గెస్టు రాడ్డును నిటారుగా ఎత్తితే కొస దగ్గర విరుగుతుంది. అది రాడ్డు నాణ్యత లోపం కాదు. కొసను అడ్డంగా ఉంచి, పొట్టి పొట్టిగా ఎత్తి, దించేటప్పుడు చుట్టుకోమనండి. ఎవరికైనా రికార్డు మీద ఆశ ఉంటే ఐజీఎఫ్ఏ (గాలపు వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ) నిబంధనలు ముందే చదవమనండి. వేరెవరు రాడ్డును ముట్టినా ఆ చేప లెక్కలోకి రాదు. 20 పౌండ్ల పైబడిన లైనుకు డబుల్ లైను (రెండు పేటలుగా మడిచిన కొస భాగం), లీడర్ కలిపి 40 అడుగులు దాటకూడదు. పెరూలోని కాబో బ్లాంకో దగ్గర 1953లో ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన 1,560 పౌండ్ల బ్లాక్ మార్లిన్ ఇప్పటికీ ఆ జాతి చేపల్లో రికార్డుగానే ఉంది. అదీ రాడ్డూ రీలుతో పట్టిందే.

వదిలేసే సెయిల్‌ఫిష్‌ను ఫొటో కోసం పడవలోకి లాగొద్దు. ముక్కు పట్టుకుని, పడవను ఐడిల్‌లో ముందుకు నడుపుతూ ఉంటే మొప్పల గుండా నీరు పోయి తేరుకుంటుంది. లోతు అడుగు నుంచి తెచ్చిన చేప కళ్లు ఉబ్బి, కడుపు నోట్లోకి వచ్చి ఉంటే పైన వదిలితే తేలి చస్తుంది. దాన్ని బరువు కట్టిన క్లిప్పుతో పట్టిన లోతు దాకా దించి అక్కడ వదలాలి. నోట్లోకి వచ్చిన సంచీని పొడవకండి, అది కడుపు.

ఉంచుకునే ట్యూనాకు మాత్రం తొందరపడాలి. చాలాసేపు పోరాడిన చేప ఒళ్లు వేడెక్కి ఉంటుంది. మెదడులో పొడిచి, పక్క రెక్క వెనక రెండు వైపులా కోసి రక్తం పోనిచ్చి, వెంటనే రెండు పాళ్లు మంచు, ఒక పాలు ఉప్పునీరు కలిపిన ముద్దలో ముంచండి. నీళ్లు కలపని ఉత్త మంచు గడ్డల మీద పెడితే తగిలిన చోటే చల్లబడుతుంది. ట్యూనా, వంజరం, మహీమహీ ఎండలో పడి ఉంటే హిస్టమైన్ పుడుతుంది. ఉడికించినా వేయించినా అది పోదు, గెస్టులు తిని జబ్బుపడితే మీ సీజన్ అక్కడితో సరి.

సాయంత్రం రీళ్లు కడిగేటప్పుడు డ్రాగ్ బిగించి, పైపు నీటిని సన్నగా చల్లండి. ఒత్తిడితో కొడితే ఉప్పు బయటికి పోకపోగా లోపలికే దూరుతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. ఆ రోజు పోయిన చేపల లైను కొసలను చిన్న కవర్‌లో వేసి తేదీ రాసి ఉంచండి. ముడి జారినవి ఎన్ని, తెగినవి ఎన్ని, హుక్కు వంగినవి ఎన్ని అని లెక్క తేలాక కూడా రాడ్డు మీదే అనుమానం మిగిలితే, అప్పుడు రాడ్ల గురించి మళ్లీ అడగండి. ఏ లైనుకు ఏ రాడ్డు వాడుతున్నారో, కొస రింగు ఏ కొలతో కూడా రాయండి.